అది నేను రాయలేదక్కా

పోయిన నెల మియాపూర్‌లో ఒకబ్బాయి దగ్గర సెకండ్ హ్యాండ్ టేబుల్ టాప్ గ్రైండర్ కొన్నాం, 2,400 రూపాయలకి. ఆన్‌లైన్‌లో చూసి కొన్నదే. ఫోటో ఒక్కటే ఉంది, మూత పెట్టిన గ్రైండర్, వెనకాల ప్లాస్టిక్ కుర్చీ. దాని కింద మాత్రం పెద్ద వ్యాసం. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది: రెండు లీటర్లు పడుతుంది, మూడు గ్రానైట్ రాళ్లు, చప్పుడు తక్కువ, ఇడ్లీ పిండి వెన్నలా వస్తుంది, చాలా జాగ్రత్తగా వాడిన వస్తువు, పనితీరులో కొత్తదానికి ఏమాత్రం తీసిపోదు. మా ఆయన ఆఫీసు నుంచి వస్తూ తీసుకొచ్చాడు. అక్కడ ఆన్ చేసి చూశావా అంటే, చూడలేదు, వివరాలన్నీ రాసుంది కదా అన్నాడు. నేనూ అదే నమ్మాను కాబట్టి ఆయన్ని అనడానికి లేదు.

మరుసటి రోజు అర కిలో మినపగుళ్లు నానబోసి వేశాను. పది నిమిషాలకి కాలిన వాసన, మోటారు ఆగిపోయింది. మూత తీసి పిండి తోడుతుంటే చేతికి గరగరలాడుతూ ఏదో తగిలింది. చూస్తే మూడు రాళ్లలో ఒకటి అంచు దగ్గర పెచ్చు ఊడి ఉంది, ఆ రాతి రజను మొత్తం పిండిలో కలిసిపోయింది. పిండంతా పారబోశాను. రాతిపొడి కలిసిన పిండి పిల్లలకి పెట్టలేం కదా.

ఫోన్ చేశాను. కోపంగానే మాట్లాడాను, దాచేదేం లేదు. ఆ అబ్బాయి గొంతు చూస్తే ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు ఉంటాయేమో. "అక్కా, అది నేను రాయలేదక్కా. ఫోటో పెట్టిన, కింద బటన్ వస్తది కదా, అది నొక్కితే అదే రాసుకుంది. నేను మంచిగ చదవలే కూడ" అన్నాడు. రూమ్ ఖాళీ చేస్తున్నారట, గ్రైండర్ వాళ్లకంటే ముందు ఉన్నవాళ్లు వదిలేసి వెళ్లిందట, ఈ అబ్బాయి వాళ్లు ఒక్కసారి కూడా వాడలేదట.

అప్పట్నుంచీ ఆ మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఆ అబ్బాయి అబద్ధం ఆడలేదు. ఒకవేళ తనే రాసి ఉంటే "మాకు తెలీదు, వాడలేదు, మూత తీసి చూసుకోండి" అని రెండు ముక్కలు రాసేవాడేమో. ఆ రెండు ముక్కలే నాకు సరిపోయేవి, నేను మా ఆయనకి ఫోన్ చేసి అక్కడే కాస్త నీళ్లు పోసి తిప్పి చూడమనేదాన్ని. మూత పెట్టిన గ్రైండర్ ఫోటో చూసి లోపల మూడు రాళ్లు ఉన్నాయని, పిండి వెన్నలా వస్తుందని రాసింది ఒక సాఫ్ట్‌వేర్. మూత కింద ఏముందో అది చూడనే లేదు, చూసే దారి కూడా దానికి లేదు.

దీని గురించి నాకు అర్థమైనంత చెప్తాను. ఈ ఏఐ టూల్స్ ఫోటో చూసి, మనం ఇచ్చిన రెండు మూడు మాటలు చూసి, ఇలాంటి వస్తువుల గురించి జనం మామూలుగా ఏం రాస్తారో ఆ మాటల్ని పేరుస్తాయి. గ్రైండర్ అంటే రాళ్లు, ఇడ్లీ, మెత్తటి పిండి. చీర అంటే పట్టు, సంప్రదాయం, శుభకార్యం. మన ముందున్న ఆ ఒక్క వస్తువు సంగతి వాటికి తెలీదు. అమ్మేవాళ్లు మామూలుగా తమ వస్తువుని పొగుడుతూనే రాస్తారు, లోపాలు రాసేవాళ్లు తక్కువ. అలాంటి రాతల్లోంచి నేర్చుకున్నది కూడా పొగడ్తే నేర్చుకుంటుంది. "మోటారు వేడెక్కుతుంది, పావుగంటకోసారి ఆపాలి" అని అది తనంతట తాను ఎప్పటికీ రాయదు. నాలాంటి కొనేవాళ్లకి కావాల్సింది సరిగ్గా ఆ వాక్యమే.

ఇదేం చిన్నాచితకా వాళ్లు దొంగచాటుగా చేస్తున్న పని కాదు. 2023లో అమెజాన్, ఈబే రెండూ అమ్మకందారుల కోసం ఇలాంటి టూల్స్ తామే తెచ్చాయి, ఫోటో పెట్టండి, నాలుగు మాటలు చెప్పండి, మిగతాది మేం రాస్తాం అని. 2024 జనవరిలో ఒక సంగతి వార్తల్లోకి వచ్చింది, గుర్తుండే ఉంటుంది చాలామందికి. అమెజాన్‌లో కొన్ని వస్తువులకి పేరు ఉండాల్సిన చోట "క్షమించండి, ఈ కోరికను నేను తీర్చలేను, ఇది ఓపెన్ఏఐ విధానాలకు విరుద్ధం" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యాలు ఉన్నాయి. ఓపెన్ఏఐ అంటే చాట్‌జీపీటీ తయారుచేసిన కంపెనీ. చాట్‌బాట్ కుదరదని చెప్పిన జవాబుని అలాగే తీసుకొచ్చి సొరుగుల బీరువాకి పేరుగా పెట్టేశారు. తర్వాత తీసేశారులెండి. జనం స్క్రీన్‌షాట్లు పెట్టుకుని నవ్వుకున్నారు, నాకు మాత్రం నవ్వు రాలేదు. వస్తువు పేరు కూడా చదవకుండా అమ్మకానికి పెట్టినవాళ్లు కింద ఉన్న కొలతలు, మెటీరియల్, బరువు చదివి ఉంటారని ఎలా నమ్మాలి?

గ్రైండర్‌తో పోయింది 2,400, అర కిలో మినపగుళ్లు. చీర సంగతి మాత్రం ఇంకా కడుపులో మండుతూనే ఉంది.

ఫిబ్రవరిలో మా నాన్నగారి షష్టిపూర్తి. అమ్మకి పోచంపల్లి పట్టుచీర పెట్టాలని ఎప్పట్నుంచో అనుకున్నాను. అమ్మ పుట్టిల్లు చౌటుప్పల్, చిన్నప్పుడు వాళ్ల వెనక వీధి మొత్తం మగ్గాలే. హైదరాబాద్ నుంచి పోచంపల్లికి యాభై కిలోమీటర్లు కూడా ఉండదు, ఒక ఆదివారం కారెక్కితే అయిపోయేది, అయినా పిల్లల పరీక్షలు, ఆఫీసులో ఆడిట్, కేటరింగ్ వాళ్లతో ఫోన్లు, టైమ్ లేక ఆన్‌లైన్‌లో చూశాను. 6,800 రూపాయలు. "స్వచ్ఛమైన పట్టు, చేనేత, డబుల్ ఇక్కత్, తరతరాల నేతన్నల నైపుణ్యం" అని రాసుంది. ఒక వాక్యం మాత్రం నన్ను పూర్తిగా పడేసింది: "ఇది చేత్తో నేసిన చీర కాబట్టి డిజైన్‌లో చిన్న చిన్న తేడాలు ఉండవచ్చు, అవి లోపాలు కావు, చేనేత సహజ లక్షణం." అది చదివి, ఈ మాట మగ్గం దగ్గర కూర్చున్నవాళ్లకి తప్ప ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. డబ్బు కట్టేశాను.

ఫంక్షన్‌కి మూడు రోజుల ముందు వచ్చింది. అమ్మ కవర్ తీసింది, కొంగు పరిచింది, వెనక్కి తిప్పింది. అంతే. నా మొహం వైపు చూడకుండా మెల్లగా అంది, "ఇది అచ్చు చీర బిడ్డా."

అచ్చు అంటే ప్రింటు వేసింది. తెలియనివాళ్ల కోసం చెప్తాను, ఎందుకంటే ఇది తెలిస్తే ఇంకొకరు నాలా మోసపోరు. ఇక్కత్‌లో డిజైన్ గుడ్డ మీద వెయ్యరు. నేయకముందే నూలుకో, పట్టు పోగుకో లెక్క ప్రకారం ముడులు కట్టి రంగులో ముంచుతారు, కట్టిన చోట రంగు అంటదు, మళ్లీ విప్పి, మళ్లీ కట్టి ఇంకో రంగు. మా అమ్మమ్మ వాళ్లు దాన్ని చిట్కీ అనేవాళ్లు. డబుల్ ఇక్కత్ అయితే పడుగుకీ (నిలువు పోగు) పేకకీ (అడ్డం పోగు) రెండింటికీ అలా రంగులు అద్ది, నేసేటప్పుడు రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేలా చూసుకోవాలి. రంగు పోగులోనే ఉంటుంది కాబట్టి చీర ముందూ వెనకా ఒకేలా కనిపిస్తుంది, డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టు, ఈకలా ఉంటాయి. ప్రింటు వేసినదైతే వెనక వెలిసిపోయినట్టు ఉంటుంది, గీతలు గీసినట్టు తిన్నగా ఉంటాయి. మాకు వచ్చిన చీర వెనకవైపు దాదాపు తెల్లగా ఉంది. పట్టు కూడా కాదు, పాలియెస్టర్.

నన్ను పడేసిన ఆ వాక్యం ఉంది చూశారా, చిన్న తేడాలు లోపాలు కావని, అది నిజమైన నేతవాళ్లు నిజాయితీగా రాసుకునే మాట. కొనేవాళ్లు ఇంటికెళ్లాక బాధపడకూడదని ముందే చెప్పే మాట. దాన్ని ఎక్కడెక్కడి చేనేత పేజీల్లోంచో నేర్చుకుని ఈ సాఫ్ట్‌వేర్ మిల్లు గుడ్డకి తగిలించింది. 900 రూపాయల ప్రింటు చీరకీ, ఒక ఇల్లు ఇల్లంతా కూర్చుని నేసిన చీరకీ ఒకటే వర్ణన పడితే, నేతవాళ్లు ఇక ఏ మాటలతో తమ చీర వేరని చెప్పుకోవాలి? వాళ్ల దగ్గర ఉన్న ఆ నాలుగు నిజమైన మాటలూ చెల్లకుండా పోతున్నాయి. నా 6,800 తిరిగొచ్చాయి, పదకొండు రోజులు పట్టింది, చాట్‌లో ఒక బాట్, తర్వాత ఇంకో బాట్, చివరికి ఒక మనిషి. నేతవాళ్లకి డబ్బులు తిరిగి ఇచ్చేవాళ్లు లేరు.

ఆ చీర అమ్మిన షాపువాళ్లు ఫోన్‌లో దొరికినప్పుడు అక్కడ మాట్లాడినాయన ఏమన్నాడో ఊహించే ఉంటారు. "మేడమ్, డిస్క్రిప్షన్ మేం రాయం, సిస్టమ్ జనరేట్ చేస్తుంది." మియాపూర్ అబ్బాయి చెప్పిన మాటే. కాకపోతే ఆ అబ్బాయి నిజంగా ఏమీ తెలియక చెప్పాడు. ఇక్కడ రోజుకి ఎన్నో చీరలు అమ్మే వ్యాపారి, తన చేతిలో ఉన్నది పాలియెస్టరో పట్టో చూడగానే తెలిసిన మనిషి, అదే మాట అడ్డం పెట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండింది ఇక్కడే.

అమ్మకి చివరికి అత్తయ్య బీరువాలో కట్టకుండా దాచుకున్న గద్వాల్ చీర ఇచ్చింది. అమ్మ దానికే సంతోషపడింది. ఫోటోల్లో ఆ చీరే ఉంది.

చట్టం ఏమంటుందో చూశాను తర్వాత. మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద 2020 జూలైలో ఈ-కామర్స్ నిబంధనలు వచ్చాయి. ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే అమ్మకందారు దాన్ని వెనక్కి తీసుకోనని అనడానికి లేదు, ప్రకటన వస్తువు అసలు లక్షణాలకి తగ్గట్టే ఉండాలి. ఆ మాటలు చేత్తో రాశారా, బటన్ నొక్కి రాశారా అన్న తేడా అందులో నాకు కనపడలేదు. నేను నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కూడా చేశాను, ఫిర్యాదు నంబర్ ఇచ్చారు, ఆ నంబర్ చాట్‌లో పెట్టాకే ఆ మనిషి లైన్‌లోకి వచ్చాడు. కాబట్టి చేయండి, ఊరికే వదిలేయకండి. పాత వస్తువు అమ్ముకునే మామూలు మనుషుల సంగతి వేరు, గ్రైండర్ విషయంలో నేను ఏ ఫిర్యాదూ చేయలేదు.

"మేం రాయలేదు, మిషన్ రాసింది" అన్న వాదన కెనడాలో ఒక విమానయాన సంస్థ నిజంగానే ట్రిబ్యునల్ ముందు పెట్టింది. ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లో చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి టికెట్ రాయితీ గురించి తప్పు చెప్పింది. ఇంట్లో మనిషి చనిపోయి ప్రయాణం చేయాల్సి వచ్చినవాళ్లకి ఇచ్చే రాయితీ అది. ముందు టికెట్ కొని తర్వాత రాయితీ అడగొచ్చన్న ఆ మాట నమ్మి ఆయన పూర్తి ధరకి టికెట్ కొన్నాడు, తర్వాత అడిగితే రాయితీ డబ్బు ఇవ్వం అని సంస్థవాళ్లు చెప్పేశారు. చాట్‌బాట్ చెప్పినదానికి తాము బాధ్యులం కామన్నట్టు సంస్థ వాదించింది. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ ఆ వాదనని ఒప్పుకోలేదు, మీ వెబ్‌సైట్‌లో ఉన్న ప్రతి మాటకీ మీదే బాధ్యత అని చెప్పి డబ్బు ఇప్పించింది. ఆ తీర్పు గురించి చదివాక నాకు కాస్త ఊపిరి ఆడింది.

ఇంకో సంగతి, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. ఒకప్పుడు వస్తువు పేజీ కింద ప్రశ్న అడిగితే అంతకుముందు కొన్నవాళ్లు జవాబిచ్చేవాళ్లు. "లేదండీ, రెండు ఉతుకులకి రంగు పోయింది" అని ఎవరో వరంగల్ ఆవిడ రాసేది. ఇప్పుడు చాలాచోట్ల ప్రశ్న అడిగితే ఏఐ అసిస్టెంట్ జవాబిస్తుంది. ఎక్కడ చూసి ఇస్తుంది? ఆ పేజీలో ఉన్న వివరాలు చూసి. ఆ వివరాలు రాసింది ఇంకో ఏఐ. నేను ఆ చీర గురించి "ఇది ప్రింటా, నేసినదా" అని అడిగాను, నిజంగా అడిగాను కొనేముందు, "ఇది చేత్తో నేసిన డబుల్ ఇక్కత్ చీర" అని వెంటనే జవాబొచ్చింది. మనిషి చెప్పినట్టే ఉంది. అమ్మినవాళ్లు గానీ, కొన్నవాళ్లు గానీ, చీర వెనకవైపు తిప్పి చూసిన మనిషి ఒక్కరు కూడా లేరు ఆ జవాబు వెనక.

మా అమ్మకి ఇంగ్లీషు రాదు. 2020లో పెద్ద సైట్లు తెలుగులోకి వచ్చినప్పుడు అమ్మ ఎంత సంతోషపడిందో చెప్పలేను, ఇక నిన్ను అడక్కుండా నేనే చూసుకుంటా అంది. ఇప్పుడు ఆ తెలుగు పేజీల్లో మిషన్ రాసిన ఇంగ్లీషుకి మిషన్ చేసిన తెలుగు ఉంటోంది. "చీర శరీరం మృదువుగా ఉంటుంది" అని చదివి అమ్మ నాకు ఫోన్ చేసి ఇదేంటి అని అడిగింది. ఒళ్లు భాగం అని చెప్పాల్సింది అలా వచ్చిందని చెప్పాను. అమ్మ మళ్లీ ఫోన్ పక్కన పెట్టేసింది.

నేను మిషన్లకి వ్యతిరేకిని కాదు, ఇది గట్టిగా చెప్పాలి. ఈ పోచంపల్లి నేతలోనే ఆసు పొయ్యడం అని ఒక పని ఉంది, పోగుని మేకుల మధ్య అటూ ఇటూ రోజుకి వేలసార్లు చేత్తో తిప్పాలి, ఇళ్లల్లో ఆడవాళ్లే చేసేవాళ్లు, భుజాలు పడిపోయేవి. తల్లి పడే ఆ నొప్పి చూడలేక చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ ఇచ్చారు ఆయనకి. ఆ యంత్రం చేతి నొప్పి తీసేసింది. ఏ రంగు ఎక్కడ పడాలి, ఏ పోగు ఎక్కడ కూర్చోవాలి అన్నది మాత్రం నేతమనిషి దగ్గరే ఉంది. ఇంగ్లీషు రాని నేతన్న ఫోన్‌లో తెలుగులో "పడుగు పట్టు, పేక పట్టు, అయిదున్నర మీటర్లు, జాకెట్ ముక్క ఉంది, కొంగులో ఒకచోట పోగు తెగితే ముడేశాం" అని చెప్తే, దాన్ని ఏఐ చక్కటి ఇంగ్లీషులోకి మార్చి ప్రపంచం మొత్తానికి చూపిస్తే, అంతకంటే ఏం కావాలి? ఆ మాటలు ఆయనవే కదా. చూసినవాడు చెప్పాడు, మిషన్ రాసిపెట్టింది. అది మంచిపని. ఎవరూ చూడకుండా ఎవరూ చెప్పకుండా రాసేదాంతోనే నా గొడవంతా.

సైట్లవాళ్లు తల్చుకుంటే ఇది కష్టమైన పనేం కాదు. బటన్ నొక్కేముందు అమ్మేవాళ్లని నాలుగు ప్రశ్నలు అడగొచ్చు: ఆన్ చేసి చూశారా, ఏమైనా పగిలిందా, ఎన్నాళ్లు వాడారు. చీరైతే వెనకవైపు ఫోటో పెట్టందే అమ్మకానికి ఒప్పుకోకూడదు. పట్టు అంటే సిల్క్ మార్క్ లేబుల్ ఫోటో, చేనేత అంటే హ్యాండ్లూమ్ మార్క్ అడగొచ్చు, ఆ గుర్తులు ఎప్పట్నుంచో ఉన్నాయి. ఏ మాట అమ్మినవాళ్లు చెప్పారు, ఏ మాట మిషన్ చేర్చింది అని వేరే రంగులో చూపించొచ్చు. అవి వచ్చేదాకా నేను చేస్తున్నది ఒకటే, వర్ణన చదవడం మానేశాను. ఫోన్ నంబర్ ఉంటే ఫోన్ చేస్తాను, లేకపోతే వెనకవైపు ఫోటో పంపమని మెసేజ్ పెడతాను, పంపకపోతే కొనను. ఇదివరకు పది నిమిషాల్లో అయ్యే పనికి ఇప్పుడు రెండు రోజులు పడుతోంది.

గ్రైండర్‌ని మొన్న రిపేరు షాపుకి తీసుకెళ్లాం. మోటారుకి 750 అయింది. పెచ్చు ఊడిన రాయి ఆ మోడల్‌ది దొరకలేదు. ఉంచుకోవడం ఇష్టం లేక నేను కూడా అమ్మకానికి పెట్టాను. మూత తీసి ఒక ఫోటో, రాయి పెచ్చు ఊడిన చోట దగ్గరగా ఒకటి, అడుగున స్టిక్కర్‌ది ఒకటి. కింద వెంటనే వచ్చింది, మీ కోసం వివరణ రాయమంటారా అని. వద్దని నేనే టైప్ చేశాను:

"సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం, ఎంత పాతదో తెలీదు. మోటారు మొన్ననే బాగుచేయించాం, బిల్లు ఉంది. మూడు రాళ్లలో ఒకటి అంచు పోయింది, ఆ రాయి మార్చకుండా పిండి రుబ్బొద్దు, రాతిపొడి కలుస్తుంది. ఈ మోడల్ రాయి కూకట్‌పల్లిలో రెండు షాపుల్లో అడిగాం, లేదన్నారు. వచ్చి ఆన్ చేసి చూసుకుని తీసుకెళ్లండి. 900."

నిన్న సాయంత్రం నిజాంపేట నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన దగ్గర అదే కంపెనీ గ్రైండర్ ఉందట, మోటారు కాలిపోయిందట, రాళ్లు బాగానే ఉన్నాయట. సంచిలో ఒక రాయి పట్టుకొచ్చి మా గట్టు మీదే పెట్టి సరిపోయిందో లేదో చూసుకున్నాడు. సరిపోయింది. 900 ఇచ్చి, బిల్లు అడిగి తీసుకుని, గ్రైండర్ పట్టుకెళ్లాడు.